చిక్కి శల్యమైన కుక్కకు కూడు పెట్టు విధము

మిరపకోతలు ముగిసి కల్లములు ఎత్తివేసిన పిమ్మట మన పల్నాటి చేలలో మనుష్య సంచారము ఒక్కసారిగా తగ్గిపోవును. కోతకు వచ్చిన కూలివారు తమ ఊళ్లకు మరలుదురు. రైతులు కాయను మార్కెట్టుకో శీతల గిడ్డంగికో తోలి ఇండ్లకు చేరుదురు. చేలలో మిగులునవి చిరిగిన పట్టలు, ఎండిన మిరపకట్టె, ఒక్కొక్కచోట కల్లము కాపలాకై తెచ్చి మరచిపోయిన కుక్క. ఈ చివరి దానిని గురించియే ఈ వ్యాసము. ఎరువుల ధరలకును అప్పు వాయిదాలకును నడుమ కుక్క కథ యేల యని కొందరు సభ్యులు నవ్వవచ్చును. నవ్వినను కడవరకు చదువుడని నా మనవి. ఏలయన, ఇందు చెప్పబోవు విషయము తెలియక నేనొక కుక్కను నా చేతులతో చంపితిని. కొట్టి కాదు, కడుపునిండ పెట్టి చంపితిని.

అది 2009వ సంవత్సరపు మాట. కాలువగట్టుపై ఎముకల గూడువలె పడియున్న కుక్క నొకదానిని సంచిలో చుట్టి మోటారుసైకిలుపై ఇంటికి తెచ్చితిని. నా భార్య దానిని చూచి కంటనీరు పెట్టుకొని, ఆ పూట ఇంటనున్న అన్నమంతయు ఒక లీటరు పాలలో కలిపి, బెల్లము ముక్క వేసి ముందు పెట్టెను. అది పళ్లెము అడుగు కనబడువరకు నాకెను. మరునాడును అట్లే పెట్టితిమి. తోక కదలించినది, మేము సంతోషించితిమి. మూడవనాటి ఉదయమున అది లేవలేకపోయినది. కాళ్లు వణకుచుండెను. మూత్రము టీ డికాక్షను రంగున వచ్చెను. మధ్యాహ్నమునకు ఊపిరి వేగమయ్యెను, సాయంకాలమునకు ప్రాణము పోయెను. ఎవరో విషము పెట్టిరని నిశ్చయించుకొని, కుక్కలనిన గిట్టని పొరుగింటివానిని అనుమానించి, కొన్ని నెలలు అతనితో మాటలు మానితిమి. ఆ మనుష్యుడు నిర్దోషి యని తెలిసికొనుటకు నాకు పదునాలుగేండ్లు పట్టినది.

2023 ఏప్రిలు నెల నడుమ, నేను పచ్చిరొట్ట విత్తనముల పనిమీద ఒక చేనికి పోయితిని. ఆ గట్టుననే మూతవేసియున్న మోటారుషెడ్డు ప్రక్క రెండవ కుక్క కనబడెను. ఎర్రని దేశవాళీ మగకుక్క, వయస్సు మూడేండ్లుండును. నైలాను త్రాటితో గుంజకు కట్టబడియుండెను. ఆ కల్లము ఎత్తివేసి సుమారు మూడు వారములైనట్లు తరువాత తెలిసినది. ఇన్ని దినములు అది బ్రదికియుండుటకు కారణమొక్కటే: మోటారు గొట్టము జాయింటు వద్ద నీరు చుక్కచుక్కగా కారి చిన్న గుంట కట్టియుండెను. త్రాడు ఆ గుంటవరకు అందెను. ఆహారము లేక కుక్క వారములకొలది బ్రదుకవచ్చును గాని, ఆ ఎండలో నీరు లేనిచో కొలది దినములు మాత్రమే బ్రదుకును. జాయింటు బాగుచేయని ఆ రైతు బద్ధకమే దానికి ప్రాణదానము చేసినది.

పశువులను కొనునపుడు మనము ప్రక్కటెముకలను చూచి ఒడలు ఎట్లున్నదో చెప్పుదుము గదా. కుక్కలకును వైద్యులు 1 నుండి 9 వరకు అట్టి లెక్క ఏర్పరచినారు. 4 లేక 5 అనిన మంచి ఒడలు: ఎముకలు చేతికి తగులును, కంటికి కనబడవు. 1 అనగా ప్రక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముకలు దూరమునుండియే కనబడుచు, చర్మము క్రింద క్రొవ్వు లేశమైనను లేక కండ కూడ కరగిపోయిన స్థితి. ఇది ఒకటవ మెట్టున ఉండెను. తల మాత్రమే కుక్క తలవలె నుండెను. చిగుళ్లు తెల్లగానుండెను. వీపుమీది చర్మమును రెండువ్రేళ్లతో పట్టి విడిచిన, అది తిరిగి సమమగుటకు చాలసేపు పట్టెను.

ఇట్టి కుక్క కనబడినపుడు జాలితో నేరుగ చేయి చాపరాదు. తెలియని కుక్క చొంగ కార్చుచున్నను, త్రూలుచున్నను, గొంతు మారి మొరుగుచున్నను, నీరు మింగలేకున్నను దగ్గరకు పోక పశువైద్యునికి తెలుపవలెను. పిచ్చికుక్క వ్యాధికి అవి గుర్తులు కావచ్చును. ఇది నీరు త్రాగుచుండెను, చూపు నిలుకడగ నుండెను. అయినను మూతికి గుడ్డపట్టెతో వదులుగ ముడివేసి, త్రాడు కోసి, గోనెపట్టాలో ఎత్తితిని. కరచినను, పుండుపై చొంగ తగిలినను సబ్బుతో ధారనీటిలో పదునైదు నిమిషములు కడిగి ఆనాడే ఆసుపత్రికి పోవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని ఇంకను భయపడు పెద్దలు మన ఊళ్లలో కలరు. ఆ పాతమందు వాడుక మన దేశమున 2005 నాటికే ఆగిపోయినది. ఇప్పుడు చేతికి వేయు కొలది సూదులు చాలును. గాయము లోతుగనున్నచో దానిచుట్టు వేరొక మందును కూడ వేయుదురు. కారము, సున్నము, పసరు పూసి కాలహరణము చేసినచో ప్రాణమునకే మోసము.

త్రాడు కోసినపుడు, మెడచుట్టు అది చర్మమును కోసికొని లోనికి దిగియుండుట కంటబడెను. పుండులో పురుగులు మెదలుచుండెను. మన ఇండ్లలో ఇందుకు కిరసనాయిలో ఫినాయిలో పోయుట వాడుక. అది పురుగుతోపాటు కండనుకూడ కాల్చును, కుక్క నాకినచో కడుపులోనికి పోవును. నేనేమియు పోయక, తడిగుడ్డ కప్పి నేరుగ పశువైద్యశాలకు కొనిపోతిని. వైద్యుడు చిన్న వయస్సువాడు. పటకారుతో పురుగులను ఒక్కొక్కటిగ తీసి పుండు కడిగెను. ఆ పని జరుగుచుండగా, ఇంటికి పోయినవెంటనే పాలన్నము కలిపి పెట్టెదనని నేను అంటిని. అతడు పటకారు ప్రక్కనబెట్టి నా వంక చూచెను. "అట్లా పెడితే మూడోరోజుకి చచ్చిపోద్దండీ" అనెను.

మూడవరోజు! 2009నాటి కుక్క సంగతి అతనికి చెప్పితిని. మూత్రపు రంగు కూడ చెప్పితిని. అతడు తల ఊపి, ఆనాడు జరిగినదేమో కాగితముపై గీసి చూపెను. దానిని నాకు తెలిసిన మాటలలో వ్రాయుచున్నాను.

ఆహారము దొరకని దేహము మొదట తన క్రొవ్వును, పిదప తన కండను కరగించి కాలము గడపును. విత్తనపు గింజలు కూడ వండుకొని తినివేసిన కుటుంబము వంటిది. ఆ కండతోపాటు భాస్వరము, పొటాషు, మెగ్నీషియము హరించిపోవును. ఎరువుల బస్తాలపై మీరు నిత్యము చదువు పేర్లే యివి. పైరుకువలెనే ప్రాణికిని ఇవి లేక పనిజరుగదు. దేహములో నిలువ అంతయు అయిపోయినను, రక్తములో మాత్రము అవి కొంత మామూలుగనే కనబడుచుండును. అట్టి సమయమున అన్నమో పాలో బెల్లమో ఒక్కుమ్మడిగ కడుపులో పడినచో రక్తములో చక్కెర పెరుగును. దానిని జీర్ణించుకొనుటకు ఇన్సులిను అను రసము ఊరును. ఆ రసము చక్కెరను దేహకణములలోనికి నెట్టునపుడు, రక్తమునందున్న కొద్దిపాటి భాస్వరమును, పొటాషును, మెగ్నీషియమును కూడ లోనికి ఈడ్చుకొనిపోవును. రక్తము ఒట్టిపోవును. భాస్వరము లేక కండలు బలహీనమగును, గుండె తడబడును, ఊపిరితిత్తులను నడుపు కండలు అలసిపోవును, ఎర్రని రక్తకణములు పగిలి ఆ రంగు మూత్రములో దిగును. తిండి మొదలిడిన మొదటి వారముననే, తరచుగ రెండవనాటికిని ఐదవనాటికిని నడుమ, ఈ ఉపద్రవము వచ్చును. డికాక్షను రంగునకు అదియే కారణము. పొరుగింటివాడు కాదు, మేము.

ఇది కుక్కలకు మాత్రమే వచ్చు కీడు కాదు. యెరూషలేము పట్టణమును రోమను సేనలు క్రీ.శ. 70లో ముట్టడించినపుడు, ఆకలికి తాళలేక వెలుపలికి పారిపోయివచ్చినవారు ఒక్కసారిగ తిని చనిపోయిరనియు, నిగ్రహించి కొద్దికొద్దిగ తిన్నవారు బ్రదికిరనియు జోసీఫసు అను చరిత్రకారుడు వ్రాసెను. 1945లో జర్మనీయందలి బెల్సెను బందీల శిబిరము విడుదలయైనపుడు, సైనికులు జాలిపడి పంచిన కొవ్వుమాంసపు డబ్బాలు అనేకుల ప్రాణములు తీసినవి. 1943 నాటి బంగాళ క్షామమున రూపొందించిన గంజివంటి మిశ్రమమునే అప్పుడు ఆ శిబిరమున వాడి చూచిరి. ఎండుపాలు, పిండి, చక్కెర అందు కలియును. మితిమీరిన తీపిచే చాలమంది దానిని త్రాగలేకపోయిరట.

మన తెలుగువారికి ఇందు మరింత దగ్గరి సంబంధము గలదు. మరపట్టిన తెల్లబియ్యమే ముఖ్యాహారముగాగల ఉత్తర సర్కారులలో పూర్వము బెరిబెరి అను జబ్బు ప్రబలియుండెను. థయమిను, అనగా బి1 విటమిను, లేమియే దానికి మూలము. ఆ జబ్బును విచారించుటకై 1918లో నీలగిరులయందలి కూనూరులో ఏర్పడిన చిన్నశాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. పస్తులున్న దేహములో ఈ బి1 కూడ తరిగియుండును. అన్నము తినిన కొలది దాని అవసరము హెచ్చును. కావున మా వైద్యుడు కుక్కకు మొదటి ముద్ద పెట్టుటకు ముందే బి1 సూది వేసెను.

ఇక పెట్టిన తిండి లెక్క. సంఘపు గిడ్డంగిలో ఎరువుల బస్తాలు తూచు కాటాపై దానిని నిలిపితిమి. తొమ్మిది కిలోలు తూగెను. ఆ జాతి, ఆ పొడవు కుక్క పదునేడు పదునెనిమిది కిలోలుండవలసినది. తొమ్మిది కిలోల కుక్క కదలక పడియుండుటకు రోజునకు రమారమి 360 కేలరీల ఆహారము కావలెను. ఐదు కిలోల కుక్కకు 230, పదునైదు కిలోల దానికి 530 అని వైద్యుడు చెప్పెను. మొదటి రెండు దినములు ఇందు నాలుగవ వంతు మాత్రమే పెట్టవలెనట. అనగా 90 కేలరీలు: ఒక ఉడికిన కోడిగ్రుడ్డు, పది గ్రాముల ఉడికిన కోడిమాంసము. ఒక పూటకు కాదు, ఒక దినమునకు! దానినే ఆరు భాగములు చేసి నాలుగుగంటల కొకసారి పెట్టవలెను. రాత్రి రెండు గంటలకు లేచి నిమ్మకాయంత ముద్ద కలిపి పెట్టి, ఇంకను కావలెనని నా చేయి నాకుచున్న ఆ జంతువు ముందునుండి పళ్లెము తీసికొని వచ్చుట ఎంత కష్టమో నేను వ్రాయలేను. మొదటి రాత్రి నా భార్య ఆ గదిలోనికి రాకపోయెను. 2009నాటి పాలన్నము ఆమె మరువలేదు.

అన్నము, గంజి, జావ తేలికయైన ఆహారమని మన నమ్మకము. జ్వరపడిన మనిషికి అది సరియే. ఈ స్థితిలోని కుక్కకు పిండిపదార్థమే ముప్పు. ఇన్సులినును రేపునది అదియే గదా. గ్రుడ్డు, కోడిమాంసము వంటివి ఎక్కువగను, అన్నము అతి తక్కువగను ఉండవలెను. ఉప్పు, కారము, ఉల్లి వేయరాదు. ఉల్లి కుక్క రక్తమును చెరచును. పాలు చాల కుక్కలకు పెద్దైన పిమ్మట అరగక విరేచనములు తెచ్చును. ఉడికిన ఎముకలు చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును. నీరు మాత్రము ఎల్లపుడు అందుబాటున ఉంచి, ఒక్కసారిగ గటగట త్రాగనీయక కొద్దికొద్దిగ పోయవలెను.

రెండవనాటికి వీధిలో ఈ వార్త ప్రాకెను. ఎదురింటి అవ్వ పెద్ద గిన్నెడు పెరుగన్నము తెచ్చి గుమ్మములో నిలుచుండి, "ఏం బాబూ, చదువుకున్నోడివి, మూగజీవాన్ని ఎండగట్టి సంపుతావా? ఆ గుడ్డుముక్క దానికి ఏ మూలకొస్తది?" అని నిలదీసెను. ఇన్సులిను కథ చెప్పిన ఆమెకు అర్థము కాలేదు. "అవ్వా, పస్తులున్న ఎద్దు కట్టు తెంపుకొని జొన్నరాశి మీద పడితే ఏమవుతుంది?" అని అడిగితిని. "కడుపుబ్బి సస్తది" అనెను. గిన్నె క్రింద పెట్టెను. నిజమునకు ఎద్దు విషయము వేరు. గింజలు దాని పొట్టలో పులిసి ఆమ్లమగుటచే ఆ చావు వచ్చును. ఈ భేదమును ఆనాడు అవ్వకు చెప్పలేదు. పశువులున్న సభ్యులు మాత్రము తెలిసికొనవలెను: కరవుమేతపై చిక్కిన పశువునకు దాణా పెంచుటయు దినదినము కొంచెముగనే జరుగవలెను.

మూడవనాటి రాత్రి వచ్చెను. పదిగంటల ముద్ద తిని పడుకొన్న కుక్క ఒంటిగంటకు లేవబోయి వెనుకకాళ్లు మడచుకొని కూలబడెను. తొడలు సన్నగ వణకుచుండెను. ఇంత జాగ్రత్తపడినను అదే మూడవ దినము, అదే వణకు. నా భార్య లాంతరు పట్టుకొనివచ్చి మొదట దాని మూత్రము పడినచోటును చూచెను. రంగు పచ్చగనే యుండెను. వైద్యునికి ఫోను చేసితిని. అతడు విసుగుకొనక ఎత్తెను. ఆ ఉదయము పరీక్షకు పంపిన రక్తములో భాస్వరము తగ్గినట్లు సాయంకాలమే తెలిసినదనియు, తెల్లవారి పిలువవలెననుకొన్నాననియు చెప్పి, అప్పుడే రమ్మనెను. భాస్వరము, పొటాషు కలిసిన ద్రవమును బొట్టుబొట్టుగ తెల్లవారువరకు శిరలోనికి ఎక్కించెను. తిండి నిలుపలేదు, పెంచనునులేదు. ఉన్న నాలుగవ వంతునే మరి రెండు దినములు సాగించుమనెను. ఐదవనాటి రక్తములో భాస్వరము మరల నిలద్రొక్కుకొనెను. ఆరవనాడు సగము, తొమ్మిదవనాడు ముప్పాతిక, పండ్రెండవనాడు పూర్తి 360. మూడవ వారము గడచిన తరువాతనే అంతకు మించి, క్రమముగ ఒకటిన్నర రెట్లవరకు. ఆ దినములలో ఉడికిన అన్నమును కూడ కొంచెము కొంచెముగ చేర్చితిమి.

ఇట్టి ద్రవము ఎక్కించు వసతి ప్రతి ఊర లేదు. కావుననే మొదటి దినముల మితము అంత ముఖ్యము. వైద్యుడు దొరకనిచోట మితమే వైద్యము.

పురుగుమందు విషయమున నాకు తొందర యెక్కువ, మొదటినాడే ఇమ్మంటిని. వైద్యుడు వారము ఆగి, తేలికయైన దానితో మొదలిడెను. కొంకిపురుగులు ప్రేగుగోడ పట్టుకొని రక్తము త్రాగును. చిగుళ్ల తెలుపునకు సగము కారణము అవియే. ఈ పురుగుల గ్రుడ్లు కుక్క పెంటలో వెడలి, తడినేలలో పిల్లలై, వట్టికాళ్లతో నడచువారి చర్మములోనికి దూరి దురదగొట్టు గీతలు కలిగించును. కావున పెంటను దినదినము ఎత్తి పూడ్చవలెను. పిల్లలాడు ఇసుకకుప్పలో చేరనీయరాదు. గోమార్ల విషయము మరియొకటి. చెవులలో, వ్రేళ్లసందులలో గుత్తులుగ నుండెను. చేలపై చల్లు పురుగుమందును నీటిలో కలిపి కుక్క ఒడలికి పూయువారు మన సభ్యులలోనే కలరు, నేనెరుగుదును. కుక్క ఒడలు నాకికొనును, చర్మము కూడ ఆ మందును పీల్చును. చొంగకార్చి కొట్టుకొని చచ్చును. మేము చేతితో ఏరి సబ్బునీటిలో వేసితిమి. తగు మందు తరువాత వైద్యుడే ఇచ్చెను. గోమారి జ్వరము కూడ రక్తపరీక్షలో బయటపడుటచే దానికి నాలుగు వారములు మాత్రలు పట్టినవి.

సంఘపు గుమాస్తా ప్రతి శుక్రవారము కాటా మీద దాని బరువు చూచి, యూరియా చిట్టా వెనుకపుటలో వ్రాయసాగెను. మొదటి వారమున వంద గ్రాములు తగ్గెను. కాళ్లలోని నీరు తీసినదట. రెండవ వారమున తొమ్మిదిన్నర. నెలకు పండ్రెండు. ఆ అంకెలు తెలిసికొనుటకై ఎరువుకు వచ్చిన సభ్యులు కాసేపు నిలుచుట మొదలయ్యెను. పెరుగన్నము తెచ్చిన అవ్వ తానే కోడిగ్రుడ్లు పంపెను. లెక్క మాత్రము నన్నే చూచుకొమ్మనెను. మెడపుండు మానినచోట వెండ్రుకలు తెల్లగ మొలచెను. మే నెల కడపట ఒకనాటి రాత్రి అది మొదటిసారి మొరిగెను. ఏమి చూచి మొరిగెనో తెలియదు. ఇంటిల్లిపాదియు లేచి కూర్చుంటిమి.

దానికి మేమొక పేరు పెట్టితిమి గాని ఎన్నడును ఆ పేరునకు పలుకలేదు.

జూలై 6న టీకా వేయించితిని. 1885లో అదే దినమున పాశ్చరు పండితుడు, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి ఆ వ్యాధి టీకాను మొదటిసారి వేసెను. అందుచే ఆ దినమున మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ టీకాలు వేయుట పరిపాటి. ఖర్చు సంగతి అడుగువారికి: రక్తపరీక్షలు, మందులు, మాంసము, గ్రుడ్లు అన్నియు కలిపి మూడు నెలలలో సుమారు ఏడువేల రూపాయలైనవి. జంతువును కట్టివేసి ఆహారము పెట్టకుండుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము. మొదటి తప్పునకు ఆ చట్టమున వ్రాసిన జుల్మానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవరకు. ఏబది రూపాయలకు ఇప్పుడు అరకిలో కోడిమాంసము రాదు.

ఆ షెడ్డు రైతు ఎవరో నాకు మొదటినుండియు తెలియును. చట్టము మాట తలచుకొని అతనిపై లోలోపల మండిపడుచునే యుంటిని. జూలై నడుమ అతడే మా ఇంటికి వచ్చెను. గుమ్మము దాటి లోనికి రాలేదు. కాయ తోలిన మరునాడే కొడుకునకు డెంగీ జ్వరము వచ్చి గుంటూరు ఆసుపత్రిలో ఉంచవలసివచ్చినదట. కుక్కను చూడుమని ప్రక్కచేని కౌలుదారునికి ఫోనులో చెప్పెనట. ఆ కౌలుదారుడు, రైతే కుక్కను తీసికొనిపోయినాడని తలచి, తన కల్లమును ఎత్తుకొని సొంతయూరికి పోయెనట. ఆసుపత్రి అప్పు తీర్చుటకై రైతు పిల్లవానితో బంధువుల ఊర ఉండి కూలిచేసెనట. కుక్క చచ్చియుండునని అనుకొని ఇన్నాళ్లు ఆ షెడ్డు వంక పోలేదట. "మొహం చెల్లక రాలేదు సార్" అనెను. నేను సిద్ధపరచియుంచిన మాటలలో ఒక్కటియు నోటికి రాలేదు. పొరుగింటివానిపై నా అనుమానము గుర్తుకువచ్చినది.

వెనుక పెరటిలో కుక్క నిద్రించుచుండెను. ఆ రైతు కొడుకు, పదేండ్లవాడు, తండ్రి ప్రక్కనుండి తొంగిచూచి, "టైగర్" అని మెల్లగ పిలిచెను. కుక్క చెవులు నిక్కించెను. ఆ తరువాత జరిగినదానిలో మా పెరటి తులసికోట ప్రక్కనున్న రెండు కుండలు పగిలినవి.

ఆనాడే పంపలేదు. మరునాడు సంఘమునకు కొనిపోయి తూచితిమి; పదునారున్నర కిలోలు. పెట్టవలసిన గ్రుడ్లు, అన్నము, మాంసము లెక్క ఒక చీటీపై వ్రాసి పిల్లవాని చేతికిచ్చితిని, తండ్రి చేతికి కాదు. నైలాను త్రాటికి బదులు వెడల్పాటి నూలుపట్టీ నా భార్య కుట్టియిచ్చెను. తండ్రీకొడుకుల నడుమ మోటారుసైకిలుపై కూర్చుండి అది వెనుకకు చూడకయే పోయినది.

గుమాస్తా చిట్టా మూయుచు, వచ్చే శుక్రవారము కూడ దానిని కాటాకు తెమ్మని ఆ పిల్లవానితో చెప్పితినని నాతో అనెను. శుక్రవారము వచ్చిరి. పదునారు కిలోల ఎనిమిదివందల గ్రాములు.